ముట్లుడగకముందే గుండె జబ్బు వస్తుందా? హార్మోన్ల కాపలా నిజమేనా?

గోదారిగట్టు
మా అక్కకి 38 ఏళ్లు. రెండంతస్తులు ఎక్కితే ఛాతీ బిగదీసినట్టవుతోంది, దవడ లాగుతోంది, కాసేపు కూర్చుంటే తగ్గిపోతోంది. మా ఊళ్లో ఒక డాక్టరుకి చూపిస్తే "నెలసరి ఆగని వయసులో గుండె జబ్బేంటమ్మా" అని నవ్వేసి గ్యాస్ మాత్రలు రాసిచ్చారు. అసలు తిరకాసు ఏంటంటే, అక్కకి చాలా నెలలుగా డేట్ రావట్లేదు. కడుపు కాదు, థైరాయిడ్ బాగానే ఉంది. నైట్ షిఫ్టు ఉద్యోగం, పైగా సన్నబడాలని అన్నం దాదాపు మానేసింది. ఆయన అడగలేదు, ఇది చెప్పలేదు.

ఆడ హార్మోన్లు గుండెని కాస్తాయంటారు కదా. ఈ వయసులోనే అవి పడిపోతే ఆ కాపలా ఉన్నట్టా, లేనట్టా?

పల్స్‌రేటు
హార్మోన్ల చర్చ తర్వాత పెట్టుకుందాం. శ్రమపడితే వచ్చి, ఆగితే తగ్గే బిగింపుని ఏ వయసులోనూ గ్యాస్ అని వదిలెయ్యకూడదు. వెంటనే కార్డియాలజిస్టుకి చూపించండి. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగుందని ఊరుకోవద్దు, నొప్పి లేనప్పుడు అది చాలాసార్లు బాగానే ఉంటుంది. ఊరికే కూర్చున్నా నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా 108కి ఫోన్ కొట్టండి. డేట్ రావట్లేదన్న సంగతి వాళ్లు అడిగినా అడక్కపోయినా మీరే చెప్పండి.

కడపకారం
మా చిన్నాయన కూతురికి 41కే స్టెంటు ఏసినారు. అప్పటికి నెలనెలా తప్పకుండా వస్తానే ఉండాది. యాడిదప్పా ఈ కాపలా?

పల్స్‌రేటు
@కడపకారం ఆవిడకి షుగర్ ఉందా?

కడపకారం
ఉంది సామీ. రెండో కాన్పప్పుడు వచ్చింది, పోనేలేదు.

పల్స్‌రేటు
అదీ సంగతి. షుగర్ ఉంటే, మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకుండే వెసులుబాటు చాలావరకు పోతుంది. ఇంకా నెలసరి వస్తోందని ధైర్యంగా ఉండే పని లేదు. కాన్పులో షుగర్ గానీ బీపీ గానీ వచ్చినవాళ్లు అది అక్కడితో అయిపోయిందనుకుంటారు. గుర్రపువాతం (కాన్పు సమయంలో బీపీ పెరిగి ఫిట్స్ దాకా పోయే జబ్బు) దాకా వెళ్లిన బీపీ అయితే తర్వాతి జీవితంలో గుండె జబ్బు అవకాశాన్ని సుమారు రెట్టింపు చేస్తుంది. కాన్పు కాగితాలు పారేయకండి.

ల్యాబ్‌కోటు
అక్కగారి కేసు విషయంలో నేనేమీ చెప్పను, పల్స్‌రేటు చెప్పిందే చేయండి. మీరు అడిగిన ప్రశ్న మాత్రం చాలా మంచి ప్రశ్న, కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఈ "నెలసరి ఉంటే గుండెపోటు రాదు" అన్న మాట గాల్లోంచి పుట్టలేదు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1948 నుంచి జనాన్ని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. అందులో 2,873 మంది ఆడవాళ్ల 20 ఏళ్ల లెక్క 1976లో బయటపెట్టారు. నెలసరి ఆగని ఒక్కరికి కూడా గుండెపోటు రాలేదు, ఆ జబ్బుతో ఒక్కరూ పోలేదు. ఆ రోజుల్లో ఇది చదివిన డాక్టర్లు "ఆగనంత వరకు భయం లేదు" అని మనసులో రాసేసుకున్నారు. మీ ఊరి డాక్టరుగారు ఇంకా అక్కడే ఉన్నారు.

తర్వాత 1990లలో వైజ్ అనే అధ్యయనం మొదలైంది. ఛాతీ నొప్పితో యాంజియో చేయించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లని తీసుకున్నారు. వాళ్లలో నెలసరి ఆగని 95 మంది హార్మోన్లు చూసి 2003లో ఫలితం వేశారు. గుండె రక్తనాళాల్లో గట్టి అడ్డంకులున్నవాళ్లు 13 మంది. ఆ 13లో 9 మందికి, అంటే 69 శాతానికి, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తక్కువగా ఉంది. అడ్డంకులు లేని 82 మందిలో అలాంటివాళ్లు 24, అంటే 29 శాతం.

ఇందులో కీలకం ఏంటంటే, ఆ తక్కువకి కారణం అండాశయం ముసలిదైపోవడం కాదు. ముట్లుడిగినప్పుడు, అండాశయాన్ని పనిచేయించే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే మెదడు హార్మోన్లలో ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా పెరుగుతుంది. వీళ్లకి ఈస్ట్రోజెన్‌తో పాటు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ కూడా తక్కువే. అంటే మెదడులోని హైపోథాలమస్ నుంచి అండాశయానికి వెళ్లాల్సిన ఆదేశమే సరిగ్గా వెళ్లట్లేదు. తిండి చాలకపోయినా, మితిమీరి వ్యాయామం చేసినా, తీవ్రమైన మనోవ్యథ ఉన్నా అలా జరుగుతుంది. మీరు అక్క గురించి రాసిన రెండు ముక్కలు చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

లెక్కలమాస్టారు
13 మంది. ఒక ఆటోలో ఎక్కించే జనం. దీని మీద సిద్ధాంతం కడతారా?

సీతాకోక82
@లెక్కలమాస్టారు మీది ఏ ఊరి ఆటో అండీ? 😂

లెక్కలమాస్టారు
తుని నుంచి అన్నవరం. పైన ఇద్దరు అదనం.

నవ్వులకేం గానీ నా అభ్యంతరం అసలైనదే. జబ్బు ముందా, హార్మోను తగ్గడం ముందా? గుండె నొప్పితో ఏళ్ల తరబడి నలిగిన మనిషికి ఆ దిగులుతోనే హార్మోన్లు పడిపోయి ఉండొచ్చు కదా. పైగా ఈస్ట్రోజెన్ నెలంతా ఒకేలా ఉండదు. ముట్టయిన మొదటి రోజుల్లో ఎవరికైనా తక్కువే ఉంటుంది.

ల్యాబ్‌కోటు
మాస్టారి అనుమానం న్యాయమైనదే. ఒకే రోజు రక్తం అంకె చూసి తేల్చేది కాదు, నెలసరి చరిత్రతో కలిపి చూడాలి. ఏది ముందన్నది మాత్రం 13 మందిని చూసి చెప్పలేం. కానీ ఆ ప్రశ్నకి జవాబు కోతుల దగ్గర దొరికింది.

నార్త్ కరోలినాలో జే కాప్లన్ బృందం పొడుగుతోక కోతుల్ని గుంపులుగా పెట్టి, కొవ్వు ఎక్కువున్న తిండి పెట్టింది. ఆడకోతుల గుంపులో పెత్తనం చేసేవి ఉంటాయి, అణగి ఉండేవి ఉంటాయి. పెత్తనం చేసేవాటి రక్తనాళాల్లో కొవ్వు పెద్దగా పేరుకోలేదు. అణగి ఉన్నవాటిలో అండం సరిగ్గా విడుదల కాలేదు, కొవ్వు మగకోతుల్లో పేరుకున్నంతగా పేరుకుంది. అండాశయాలు తీసేసిన కోతులదీ దాదాపు అదే పరిస్థితి. ఇంకో ప్రయోగంలో అణగి ఉండే కోతులకి గర్భనిరోధక హార్మోను మాత్రలిస్తే కొవ్వు పేరుకోవడం తగ్గింది. ఇక్కడ దిగులు ముందు, హార్మోను తర్వాత, జబ్బు ఆ తర్వాత.

సీతాకోక82
పెత్తనం చేసే కోతి = మా అత్తగారు. ఆవిడ లిపిడ్ రిపోర్టు చూస్తే నాకే అసూయ. ఇప్పుడు అర్థమైంది.

కడపకారం
సీతాకోకమ్మా, మీ అత్తగారికి ఈ లింకు పంపేదా?

సీతాకోక82
పంపు నాయనా, అప్పుడు నా ఎల్‌హెచ్ కూడా పడిపోతుంది.

ఓరుగల్లు పిల్ల
మీరంత పీరియడ్స్ ఆగుడు గురించి మాట్లాడుతున్నరు. మా దిక్కు అసలు సమస్య వేరే. మా అమ్మకు 33 ఏండ్లకే గర్భసంచి తీసేసిన్రు. తెల్లబట్ట అవుతుందని పోతే, కాన్సరైతదని భయపెట్టి ఆపరేషన్ జేసిన్రు. మా వాడల సగం మంది ఆడోళ్లది గదే కథ. 45 దాటక ముందే బీపీ, మోకాళ్ల నొప్పులు, ఆయాసం. దీనికీ గుండెకు ఏమన్న సంబంధం ఉందా?

లెక్కలమాస్టారు
ఓరుగల్లు అమ్మాయి అడిగిందే ఈ దారంలో అసలైన ప్రశ్న. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఈ లెక్కలో మనవే ముందు వరస. కోతుల దాకా ఎందుకు, మన ఊళ్లలోనే ఉంది మొత్తం ప్రయోగం.

పల్స్‌రేటు
@ఓరుగల్లు పిల్ల ముందు ఒక విషయం తెలియాలి. గర్భసంచి మాత్రమే తీశారా, అండాశయాలు కూడా తీశారా? హార్మోన్లు చేసేది అండాశయాలు. రెండూ తీసేస్తే అదే రోజు నుంచి ఈస్ట్రోజెన్ పడిపోతుంది. మెల్లగా తగ్గడమన్నది ఉండదు.

అమెరికా నర్సుల మీద 1987లో వచ్చిన లెక్కలో, రెండు అండాశయాలూ తీసేసి హార్మోను వాడనివాళ్లకి గుండె జబ్బు రెండు రెట్లకి పైగా ఉంది. మేయో క్లినిక్ వాళ్ల అధ్యయనంలోనూ 45 ఏళ్ల లోపు రెండూ తీసేయించుకుని హార్మోను తీసుకోనివాళ్లలో గుండె జబ్బుతో చనిపోవడం ఎక్కువ కనిపించింది. అండాశయాలు ఉంచినా పూర్తి క్షేమమేం కాదు, 35 లోపు గర్భసంచి తీసినవాళ్లలో తర్వాత గుండె సమస్యలు ఎక్కువగానే తేలాయి. ఉన్న అండాశయాలు కూడా తొందరగా అలసిపోతాయి కొందరికి.

ఓరుగల్లు పిల్ల
అమ్మకు తెల్వదట. "అంత తీసేసిన్రు బిడ్డ" అంటది. నాయిన కాయితాలు దాస్తడు, ఎతుకుత.

ఇనుపగుండు
అందరూ ఈస్ట్రోజెన్ భజన చేస్తున్నారు. 1981లో లాన్సెట్‌లో సలివన్ అనే ఆయన వేరే మాట చెప్పాడు. ఆడవాళ్లని కాపాడేది హార్మోను కాదు, నెలనెలా పోయే రక్తం. దాంతో ఒంట్లో ఇనుము పేరుకోదు. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా జబ్బు పెరగడానికి కారణం ఇదే. హార్మోను వాదంతో ఇది చెప్పండి చూద్దాం.

ల్యాబ్‌కోటు
@ఇనుపగుండు పేరు చూసే అనుకున్నా ఈ పోస్టు వస్తుందని. ఆలోచన బాగుంది, పరీక్షకి నిలవలేదు. కాళ్ల రక్తనాళాలు పూడుకున్న రోగులకి పద్ధతి ప్రకారం రక్తం తీసి ఇనుము తగ్గించి చూశారు. 2007లో ఫలితం వచ్చింది, మొత్తం మీద మరణాలేమీ చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. ఇక గర్భసంచి తీసినప్పుడు అండాశయానికి వెళ్లే రక్తం కొంత తగ్గుతుంది, కాబట్టి హార్మోను వాదంతోనూ చెప్పొచ్చు.

పల్స్‌రేటు
దయచేసి ఇది చదివి ఎవరూ ఐరన్ మాత్రలు మానొద్దు. మన రెండు రాష్ట్రాల్లో సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత. రక్తం తక్కువైతే గుండె ఇంకా కష్టపడాలి.

మెడికల్‌షాపు మూర్తి
ఇంతసేపు చదువుతున్నా, నా వంతు ఒకటి చెప్తా. శ్రావణమాసం, పెళ్లిళ్ల సీజన్ వస్తే డేట్ వెనక్కి జరిపే మాత్రలకి మా షాపు దగ్గర లైను. చీటీ ఉండదు. "ఆ తెల్ల మాత్రలు ఒక షీటు ఇవ్వండి" అంటారు. నేను మూడు ప్రశ్నలు అడుగుతా. కాలిలో రక్తం గడ్డ కట్టిందా ఎప్పుడైనా, బీపీ ఉందా, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉందా? సగం మంది కోపగించి పక్క షాపుకి పోతారు.

ల్యాబ్‌కోటు
మూర్తిగారు సరైన ప్రశ్నలే అడుగుతున్నారు. ఆ తెల్ల మాత్రల్లోని నోరెథిస్టిరోన్ అనే హార్మోను ఎక్కువ మోతాదులో వేసుకుంటే ఒంట్లో కొంత భాగం ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. దాని భయం గుండెపోటు కంటే కాలి సిరల్లో గడ్డల గురించి ఎక్కువ.

సీతాకోక82
మరి మాలా-డి గర్భనిరోధక మాత్రలు? నేను ఏళ్ల తరబడి వాడాను.

పల్స్‌రేటు
బీపీ లేకుండా, పొగ తాగకుండా, గడ్డల చరిత్ర లేకుండా ఉంటే ఆ మాత్రలతో గుండెపోటు చాలా అరుదు. 35 దాటి పొగ తాగేవాళ్లకి మాత్రం ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర వద్దు.

సీతాకోక82
మన దగ్గర ఆడవాళ్లు సిగరెట్లు ఎక్కడ తాగుతారండీ?

నాగావళి
@సీతాకోక82 మా శ్రీకాకుళం రండి చూపిస్తాను. మా అమ్మమ్మ, ఆవిడ చెల్లెళ్లు అడ్డచుట్ట కాల్చేవారు, నిప్పు వేపు నోట్లో పెట్టుకుని. ఇప్పటికీ పల్లెల్లో ఉన్నారు. డాక్టరు "సిగరెట్ అలవాటుందా" అని అడిగితే "నేదు బాబూ" అంటారు. నిజమే కదా, సిగరెట్ లేదు! చుట్టా అని అడగాల.

పల్స్‌రేటు
ఇది నోట్ చేసుకున్నాను నాగావళిగారూ. పొగ వల్ల ఇంకో నష్టం, ముట్లు ఒకటి రెండేళ్లు ముందే ఉడుగుతాయి. మన దేశంలో మామూలుగానే 46, 47 ఏళ్లకే ఉడుగుతున్నాయి, అమెరికా ఆడవాళ్ల కంటే నాలుగైదేళ్లు ముందు.

డల్లాస్ శారద
అందరికీ హార్మోన్లు ఇచ్చేస్తే పోలా అనుకునేవాళ్లకి: ఇక్కడ ఆ పనే చేశారు. నేను వచ్చిన కొత్తల్లో ముట్లుడిగిన ప్రతి ఆవిడకీ గుండె కోసమని ఈస్ట్రోజెన్ రాసేవారు. 2002లో డబ్ల్యూహెచ్ఐ (విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్) అనే పెద్ద అధ్యయనం మధ్యలోనే ఆపేశారు. 16,608 మంది మీద ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరోన్ లాంటి హార్మోను) కలిపి ఇస్తే గుండెపోట్లు తగ్గలేదు సరికదా కొంచెం పెరిగాయి, రొమ్ము కాన్సరూ పెరిగింది. ఆ వారం నా స్నేహితురాళ్లందరూ మాత్రలు చెత్తబుట్టలో పడేశారు.

లెక్కలమాస్టారు
చూశారా! కాపాడేది హార్మోనే అయితే బయటి నుంచి ఇచ్చినా కాపాడాలిగా. 1970 ప్రాంతంలో గుండెపోటు వచ్చిన మగవాళ్లకి కూడా ఈస్ట్రోజెన్ ఇచ్చి చూశారు, గుండెపోట్లు ఎక్కువై ఆపేశారు.

డల్లాస్ శారద
ఆగండి మాస్టారూ, నేను పూర్తి చెయ్యలేదు. ఆ అధ్యయనంలో ఆడవాళ్ల సగటు వయసు 63. అప్పటికే నాళాల్లో పదేళ్లుగా కొవ్వు పేరుకున్నవాళ్లు. నాకు 39కే ఆగిపోయాయి. మా డాక్టరు ఏమందంటే, 63లో కొత్తగా మొదలుపెట్టడం వేరు, 39లో లేనిదాన్ని భర్తీ చెయ్యడం వేరు. మామూలుగా ఆగే వయసు దాకా చర్మానికి అంటించుకునే పట్టీ వాడాను, గర్భసంచి ఉంది కాబట్టి ప్రొజెస్టిరోన్ కూడా.

ల్యాబ్‌కోటు
శారదగారి డాక్టరు మాటే ఇప్పటి మార్గదర్శకాలదీ. 40 లోపే అండాశయాలు పనిచేయడం ఆగితే, వద్దనే కారణమేదీ లేకపోతే, 50 ప్రాంతం దాకా హార్మోను ఇవ్వమంటాయి. పట్టీకి ఇంకో సుగుణం ఉంది. మింగిన ఈస్ట్రోజెన్ ముందు కాలేయంలోకి వెళ్లి గడ్డకట్టే పదార్థాల్ని, ట్రైగ్లిజరైడ్స్‌ని పెంచుతుంది. చర్మం నుంచి వెళ్లేది కాలేయాన్ని ఆ మొదటి దెబ్బ కొట్టదు.

మాస్టారూ, ఈస్ట్రోజెన్ బాగున్న నాళాన్ని మెత్తగా ఉంచుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ పెంచి నాళం విప్పారేలా చేస్తుంది, చెడ్డ కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్ తగ్గిస్తుంది. అప్పటికే పాడైన నాళంలో అదే హార్మోను గడ్డ కట్టడానికి సాయం చేయొచ్చు. కాబట్టి ఎప్పుడు, ఎవరికి, ఎలా అన్నదే లెక్క.

లెక్కలమాస్టారు
సరే, దీన్ని సగం ఒప్పుకుంటా. మిగతా సగం తర్వాత పోట్లాడతా.

మోడరేటర్
మందుల మోతాదులు అడుగుతూ నాకు విడిగా మెసేజులు వస్తున్నాయి. ఇక్కడ ఎవరూ రాయరు, అడగొద్దు. పీసీఓడీ గురించి అడిగినవాళ్లు కొత్త దారం తెరవండి, అది పెద్ద మేళం.

గోదారిగట్టు
ఆలస్యమైంది, క్షమించాలి. రాజమండ్రిలో చూపించాం. టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) పాజిటివ్ వచ్చింది. యాంజియో చేస్తే పెద్ద నాళాల్లో అడ్డంకులు లేవన్నారు. మా బావ "ఏం లేదట, అనవసరంగా డబ్బు తగలేశాం" అని మొదలుపెట్టాడు. అక్క ఏడుస్తోంది, నొప్పి మాత్రం ఉంది.

పల్స్‌రేటు
"ఏం లేదు" అన్న మాటకి మీరు ఒప్పుకోవద్దు. యాంజియోలో కనిపించేవి పెద్ద నాళాలే. గుండె కండరంలో వెంట్రుకల్లాంటి సన్న నాళాలు ఎన్నో ఉంటాయి, అవి శ్రమ సమయంలో సరిగ్గా విప్పారకపోతే ఇదే నొప్పి వస్తుంది. ఆడవాళ్లలో ఇది ఎక్కువ. ల్యాబ్‌కోటుగారు చెప్పిన వైజ్ అధ్యయనం గట్టిగా బయటపెట్టిన సంగతుల్లో ఇదొకటి. దీనికి మందులున్నాయి. సన్న నాళాల సమస్య అవునా కాదా అని ఆ డాక్టర్నే సూటిగా అడగండి. బావగారిని వెంట తీసుకెళ్లండి, ఆయన చెవులతోనే వింటారు.

నాగావళి
బావగారికి ఒక పాలి రెండంతస్తులు ఎక్కేటప్పుడు ఛాతీ మీద ఇసక బస్తా పెట్టండి.

గోదారిగట్టు
😂 అక్కకి చదివి వినిపించా. నవ్వింది. గైనకాలజిస్టు కూడా చూశారు. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రోజెన్ మూడూ తక్కువట. డేట్ రావడానికి మాత్రలు అడిగితే ఇప్పుడే వద్దన్నారు. ఎందుకు?

ల్యాబ్‌కోటు
మంచి డాక్టరు దొరికారు. మాత్రలు వేస్తే రక్తం కనబడుతుంది, అందరూ సమస్య తీరిందనుకుంటారు, హైపోథాలమస్ మాత్రం నిద్రలోనే ఉంటుంది. ముందు చేయాల్సింది కడుపునిండా తినడం, నిద్ర, మనసులో బరువు దించుకోవడం. కొన్ని నెలలు చూసినా రాకపోతే అప్పుడు ఎముకల కోసం చర్మం ద్వారా ఇచ్చే ఈస్ట్రోజెన్ గురించి ఆలోచిస్తారు. ఎముకల సాంద్రత పరీక్ష కూడా అడగండి. ఇలా తిండి పెంచితే గుండె జబ్బు తగ్గుతుందని ఎవరైనా పెద్ద పరీక్ష చేసి నిరూపించారా అంటే, అలాంటిది నేను చూపించలేను. కానీ తినకుండా ఉండమనే కారణమూ లేదు.

సీతాకోక82
నైట్ షిఫ్టు మార్పించుకోమనండి. ఆ రిపోర్టులు హెచ్ఆర్ ముందు పెట్టమనండి.

ఓరుగల్లు పిల్ల
డిశ్చార్జి కాయితం దొరికింది! టీఏహెచ్ ప్లస్ బీఎస్ఓ అని రాసుంది. అంటే ఏంది?

పల్స్‌రేటు
గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ, అండనాళాలూ తీసేశారని. ఇప్పుడు అమ్మ వయసెంత? హార్మోను ఏమైనా వాడారా?

ఓరుగల్లు పిల్ల
54. కాల్షియం గోలీలు తప్ప ఏం ఇయ్యలె. రెండూ బాగనే ఉండెనట, స్కానింగుల. ఎందుకు తీసిన్రో ఎవ్వలు చెప్పలె.

పల్స్‌రేటు
ఇన్నేళ్ల తర్వాత కొత్తగా హార్మోను మొదలుపెట్టే వయసు కాదు, శారదగారు చెప్పిన ఆ 63 ఏళ్లవాళ్ల కథే గుర్తుంచుకోండి. బీపీ, షుగర్, లిపిడ్, ఈసీజీ, ఎకో, ఎముకల సాంద్రత చేయించండి. 40 లోపే ముట్లుడగడాన్ని 2018 నుంచి అమెరికా కొలెస్టరాల్ మార్గదర్శకాల్లోనే గుండె ముప్పు పెంచే అంశంగా రాశారు. దక్షిణాసియా వాళ్లం కావడం కూడా ఆ జాబితాలోనే ఉంది. "33కే రెండు అండాశయాలూ తీశారు" అని డాక్టరుతో మొదటి మాటగా చెప్పండి, స్టాటిన్ (కొలెస్టరాల్ తగ్గించే మాత్ర) అవసరమో కాదో అప్పుడు ఆయన లెక్క మారుతుంది.

ఓరుగల్లు పిల్ల
రేపే తీస్కపోత. కాయితం జిరాక్స్ తీసి పెట్టిన.

కడపకారం
మా చెల్లెల్ని కూడా పంపిస్తా అదే పరీక్షలకి. లిపిడ్‌కి పరగడుపున పోవల్లనా?

పల్స్‌రేటు
లిపిడ్ ఒక్కదానికే అయితే చాలామందికి అక్కర్లేదు. ఎలాగూ ఆవిడకి పరగడుపు షుగర్ చూడాలి కదా, పొద్దున్నే టీ కూడా తాగకుండా వెళ్లి రెండూ ఒకేసారి ఇచ్చేయమనండి. షుగర్ మాత్ర టిఫిన్ తిన్నాకే.